రక్షకభటుని గుండె

గన్నవరం విమానాశ్రయంలో ప్రముఖులెవరైనా దిగుతున్నారంటే, విజయవాడకు పోయే జాతీయ రహదారి పొడవునా రక్షకభటులు బారులు తీరి నిలబడతారు. గంటల తరబడి నిరీక్షించిన వాహనశ్రేణి క్షణాలలో దాటిపోతుంది. దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రి మీద, రంజాను నాడు ఈద్గాల వద్ద, 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాల స్నానఘట్టాలలో మనకు కనబడినవీ ఆ ఖాకీ దుస్తులే. మనకు పండుగ, వారికి బందోబస్తు. ఈ జీవితం గుండెను ఏమి చేస్తుందో కొంచెం విచారిద్దాము.

ఆపద ఎదురైనప్పుడు శరీరం తనంతట తానే యుద్ధసన్నద్ధమవుతుంది. మూత్రపిండాలపైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను రక్తంలోనికి వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు హెచ్చుతాయి. ఆపద తొలగగానే ఇవి సద్దుమణగాలి. చిక్కంతా అవి సద్దుమణగకపోవడంలోనే ఉన్నది. ఆరోగ్యవంతుని రక్తపోటు నిద్రలో నూటికి పది నుండి ఇరవై వంతుల వరకు తగ్గి రక్తనాళాలకు విశ్రాంతినిస్తుంది. రాత్రి గస్తీ, పగలు కోర్టు వాయిదా అయినవానికి ఆ విశ్రాంతి ఎక్కడిది? ఏళ్ల తరబడి ఒత్తిడికి లోనైన ధమనుల లోపలి పొర దెబ్బతిని, అక్కడ కొవ్వు పేరుకుంటుంది. వేళ తప్పిన భోజనం, నిద్రాపుకోవడానికి కాల్చే సిగరెట్టు దానికి తోడు.

ఇక నిప్పురవ్వ సంగతి. అమెరికాలో 1984 మొదలు 2010 వరకు విధి నిర్వహణలో హఠాత్తుగా గుండె ఆగి మరణించిన 441 మంది పోలీసుల వివరాలను హార్వర్డు పరిశోధకులు పరిశీలించి, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. నిందితునితో పెనుగులాడే వేళ ఆ ప్రమాదం మామూలు పనివేళలకంటె 34 నుండి 69 రెట్లు, వెంటాడే వేళ 32 నుండి 51 రెట్లు అధికమని తేలినది. గంటల కొద్దీ కదలక నిలబడిన మనిషి ఒక్కసారి పరుగు లంకించుకుంటే, ధమనిలో పేరుకున్న కొవ్వు గడ్డ చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. పరుగు తప్పు కాదు. ఏళ్లుగా లోపల పోగుపడిన మందుగుండే అసలు కారణం.

మన దేశంలో ఆ మందుగుండు ఎంత? హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి 2014లో జరిపిన అధ్యయనంలో, ఠాణా సిబ్బందిలో నూటికి సుమారు తొంభై మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారనీ, దాదాపు ముప్పాతిక మందికి నెలకొక్క వారపు సెలవైనా దక్కడం లేదనీ వెల్లడైనది. వారానికి 55 గంటలు దాటి శ్రమించేవారికి గుండెజబ్బుతో మరణించే అవకాశం నూటికి 17 వంతులు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పోలీసులకు వారపు సెలవును ప్రవేశపెట్టడం మెచ్చదగిన పని. అయితే బదులు నిలబడే మనిషి లేనిచోట సెలవు కాగితానికే పరిమితమవుతుంది. యోగా చేయండి, ఉప్పు తగ్గించండి అనే హితవు మంచిదే కాని, డ్యూటీ పట్టిక మారనిదే అది సగం వైద్యమే అని నా అభిప్రాయం.

మన విద్యార్థులలో కొందరు కానిస్టేబులు ఉద్యోగం కోసం తెల్లవారుజామునే 1600 మీటర్ల పరుగు అభ్యసిస్తున్నారు. ఎంపికనాడు కొలిచిన ఆ గుండెను నలభై ఏళ్లు దాటిన పిమ్మట ఏటా కొలవడం మరింత అవసరం. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే, గ్యాసు అనుకొని సోడా త్రాగి డ్యూటీలో నిలబడరాదు. వెంటనే 108కి కబురు చేయాలి. ప్రక్కనున్న సహచరునికీ ఈ సంగతి తెలిసి ఉండాలి, ఎందుకంటే నొప్పి వచ్చినవాడు సాధారణంగా ఒప్పుకోడు.