వాము నిండితే పాడి నిండుతుందా?

సార్వా కోతలయ్యాక వేసిన వాము తొలకరి పచ్చిక వచ్చేదాకా పశువును గట్టెక్కించాలి. అందుకే గడ్డి బేరం దగ్గర అందరమూ ఘటికులమే. ఆ బేరాల్లో చెలామణి అయ్యే నమ్మకాలు కొన్ని మాత్రం తూకానికి నిలవవు.

అపోహ: కట్ట చవగ్గా వస్తే గడ్డి చవగ్గా వచ్చినట్టే.

బేలర్ చుట్టిన కట్టలన్నీ ఒక్క బరువు ఉండవు. కట్ట 40 రూపాయలు అనుకుందాం. 20 కిలోలు తూగితే కిలో 2 రూపాయలు పడుతుంది. 12 కిలోలే తూగితే 3 రూపాయల 33 పైసలు. మంచుకు తడిసిన గడ్డినే చుట్టేసి ఉంటే నీళ్లక్కూడా డబ్బు కట్టినట్టు. నాలుగైదు కట్టలు తూచి, ఒకదాన్ని విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాకే లోడు మాట్లాడుకోవాలి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే చిట్లించనీ.

అపోహ: కడుపునిండా గడ్డి వేస్తున్నాం, ఇంకేం తక్కువ?

వరిగడ్డిలో ముడి ప్రొటీన్ 3, 4 శాతమే. నెమరువేసే పశువు కడుపులో పీచును అరిగించేవి సూక్ష్మజీవులు. మేతలో ప్రొటీన్ 7 శాతానికి తగ్గితే వాటి పని మందగించి, తిన్న గడ్డి లోపలే నిలిచిపోతుంది. పొట్ట నిండుగానే కనిపిస్తుంది, వెన్నుపూసలు మాత్రం బయటపడుతుంటాయి. పైగా వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. విటమిన్ ఎ కావాలంటే కాస్తయినా పచ్చిమేత ఉండాలి, ఖనిజ లవణ మిశ్రమమూ తప్పదు. వేరుశనగ కట్టె దొరికే రాయలసీమ రైతుకు ఈ బాధ కొంత తక్కువ. అందులో ప్రొటీన్ వరిగడ్డికి రెండింతల పైమాటే. ధర ఎక్కువని దాన్ని వదిలేసి, వరిగడ్డి కొని, ఆ లోటు పూడ్చడానికి చెక్క బస్తాలకు డబ్బు పోసే లెక్క నాకు అంతుపట్టదు.

అపోహ: యూరియా కలిపిన గడ్డి విషం.

ఈ భయం ఊరికే పుట్టలేదు. యూరియా నీళ్ల బకెట్టులో మూతి పెట్టిన పశువు గంటల్లో చచ్చిపోవచ్చు. మాగేసిన గడ్డి సంగతి వేరు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచుతారు. యూరియా అమోనియాగా మారి పీచు బిగువును సడలిస్తుంది, ప్రొటీన్ 7, 8 శాతానికి చేరుతుంది. ఏ రోజుకు కావలసింది ఆ రోజు తీసి, ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట్లో మామూలు గడ్డిలో కొంచెం కలిపి అలవాటు చెయ్యాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు, గుర్రాలకూ గాడిదలకూ అసలే వద్దు. మూడు వారాలు ఆగే ఓపిక లేక, కొలతా పాడూ లేకుండా గాట్లోనే యూరియా నీళ్లు చిలకరించేవాళ్లున్నారు. అసలు ప్రమాదం అక్కడుంది.

అపోహ: ముక్కలు కొడితే గడ్డికి బలం వస్తుంది.

రాదు. చాఫ్‌కట్టర్ తగ్గించేది వృథాను. పొడుగు గడ్డిని పశువు లాక్కుని సగం కాళ్లకింద తొక్కేస్తుంది. ఆ మిగులు చాలు, మిషను కొన్నందుకు.

అపోహ: బూజు పడితే ఎండబెట్టి వేస్తే సరి.

ఎండ తడిని తీస్తుంది గానీ బూజు వదిలిన విషాన్ని తీయలేదు. అలాంటి వరిగడ్డి తిన్న గేదెలకు చలికాలంలో చెవులు, తోక చివరలు, గిట్టల పైభాగం కుళ్లిపోయే డెగ్నాలా వ్యాధి ఉత్తరాది వరి ప్రాంతాల రైతులకు బాగా తెలుసు. నల్లబడ్డ కట్ట పెంటకుప్పకే పోవాలి. పాలివ్వని ఎడ్లే కదా అని వాటికీ వెయ్యకూడదు.