ట్రాక్టరు నీళ్ల పైపు మార్చుకుందాం

మామిడి కోతలు మొదలయ్యాయంటే నూజివీడు చుట్టుపక్కల ట్రాక్టర్లకు తీరిక ఉండదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, ఎటు చూసినా తోటలే. బంగినపల్లి, తోతాపురి, చిన్నరసం, పెద్దరసం. కాయ కొయ్యాలి, ట్రక్కుకెత్తాలి, మార్కెట్టుకు తోలాలి. విజయవాడ దగ్గర నున్నలో పెద్ద మామిడి మార్కెట్టు ఉంది కదా. ఎన్నో లోళ్లు అక్కడికే పోతాయి.

సరిగ్గా అప్పుడే ఎండలు ముదురుతాయి. ఆ ఎండలో బరువు లాగుతూ ట్రాక్టరు దారి మధ్యలో ఆగిపోతుంది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి. కింద నీళ్ల మడుగు. వెనక ట్రక్కు నిండా కాయ. పండుబారిన రసాలు ఎండలో ఎంతసేపు ఆగుతాయి? తీరా చూస్తే, పాడైంది ఒక్క రబ్బరు పైపు. చాలా బళ్లకు అది మూరెడు కూడా ఉండదు.

ఆ పైపు పని ఏమిటి? ఇంజనులో డీజిలు మండుతుంది. ఇనుము కాలిపోతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెడితే మాడుతుంది. నీళ్లు పోసి పెడితే మాడదు. ఇంజనుకూ అంతే. దాని చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. ఆ నీళ్లు వేడిని తీసుకుని, పై పైపు గుండా రేడియేటరులోకి వస్తాయి. రేడియేటరు అంటే ముందు భాగాన జల్లెడలాగా కనిపించేది. ఫ్యాను గాలికి అక్కడ నీళ్లు చల్లారతాయి. కింది పైపు గుండా మళ్లీ ఇంజనులోకి పోతాయి. ఈ రెండు పైపుల్లో ఏది చిట్లినా నీళ్లు కారిపోతాయి. నీళ్లు లేని ఇంజను కాసేపు నడిచినా చాలు, లోపల భాగాలు వంకరపోతాయి. అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది.

పైపు ఒక్కరోజులో పాడవదు. ముందే చెబుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే పైపును చేత్తో నొక్కి చూడండి. మంచి పైపు గట్టిగా ఉండి, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. పాడైన పైపు మెత్తగా నానిన రొట్టెలా ఉంటుంది. లేదా ఎండిన తోలులా బిగుసుకుపోతుంది. పగుళ్లు, ఉబ్బు, క్లిప్పు దగ్గర తెల్లని మరక కనపడితే కోతలకు ముందే మార్చేయండి. పైపు మీద నూనె పడనివ్వొద్దు. నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మీ ఇంట్లో ప్రెషరు కుక్కరు ఉందా? విజిలు వచ్చినప్పుడు మూత తీస్తారా? తీయరు. రేడియేటరు మూత కూడా కుక్కరు మూత లాంటిదే. లోపల ఒత్తిడి ఉంటుంది. అందుకే 100 డిగ్రీలు దాటినా ఆ నీళ్లు మరగవు. మూత తీయగానే ఒక్కసారిగా మరిగి, మొహం మీదికి ఎగజిమ్ముతాయి. డ్రైవర్లు ఎందరో ఇలాగే కాల్చుకున్నారు. కాయ కుళ్లిపోతుందనే తొందరలోనే ఈ పని జరుగుతుంది. కాబట్టి ఇంజను ఆపాక కనీసం గంటసేపు ఆగండి. రేడియేటరు మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. అప్పుడు మందపాటి గుడ్డ వేసి, మూత కొంచెం తిప్పి ఆగండి. బుస్సుమనకపోతేనే పూర్తిగా తీయండి. కాలిన ఇంజనులో చన్నీళ్లు పోయొద్దు. ఇనుము పగులుతుంది.

ఎవరికైనా వేడినీళ్లు పడి కాలితే, కాలినచోట 20 నిమిషాలు చల్లని నీళ్లు పోస్తూ ఉండండి. ఇంకు, పేస్టు, పసుపు పూయొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక పని. తాళంచెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి. పైట కొంగు నడుముకు దోపండి, జడ ముడేయండి. ఫ్యానుకు కొంగు చిక్కితే మనిషినే లాగేస్తుంది. బండికి చక్రాల కింద రాళ్లు పెట్టండి.

రేడియేటరు అడుగున చిన్న కుళాయి ఉంటుంది. కింద బేసిన పెట్టి అది విప్పండి. నీళ్లు కారిపోతాయి. కుళాయి కట్టేయండి. పైపు రెండు కొసల్లో క్లిప్పులు ఉంటాయి. స్క్రూడ్రైవరుతో వదులు చేసి, పైపు మధ్యకు జరపండి. పైపును అటూ ఇటూ తిప్పుతూ లాగండి. రాకపోతే బలవంతం చేయొద్దు. స్క్రూడ్రైవరు దూర్చి పెకలించొద్దు. రేడియేటరు మెడ పలుచన, వంగితే మొత్తం మార్చాల్సిందే. బ్లేడుతో పైపునే నిలువునా కొయ్యండి. ఎలాగూ పారేసేదే కదా!

పాత పైపు దుకాణానికి తీసుకెళ్లండి. "అన్నా, సరిగ్గా ఇలాంటిదే ఇవ్వు" అనండి. లావు, పొడుగు, వంపు, మూడూ కలవాలి. వంపు పైపు బదులు తిన్నటి పైపు ఇస్తే తీసుకోవద్దు. అది మడతపడి నీళ్లకు అడ్డం పడుతుంది. పాత కింది పైపులో తీగచుట్ట ఉంటే కొత్తదాంట్లోనూ ఉండాలి. పంపు నీళ్లు లాగేటప్పుడు పైపు నొక్కుకుపోకుండా కాపాడేది అదే. క్లిప్పులు తుప్పుపడితే అవీ కొనండి. బిల్లు మీద బండి మోడలు నంబరు రాశారో లేదో మీరే చదివి చూడండి.

మెడలకు పట్టిన తుప్పు, మట్టి గుడ్డతో తుడవండి. క్లిప్పులు ముందే పైపుకు తొడగండి. చాలామంది ఇది మరచిపోయి పైపు మళ్లీ పీకుతారు. మెడ మీద చిన్న గట్టు ఉంటుంది. పైపు గట్టు దాటి లోపలికి పోవాలి. క్లిప్పు ఆ గట్టు దాటాక బిగించాలి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది.

ఇప్పుడు నీళ్లు. మన బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పడుతుంది చూశారా? రేడియేటరు లోపలా అదే పడుతుంది. సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. అందుకే కూలెంటు పోయాలి. అది తుప్పు పట్టనివ్వదు, తొందరగా మరగనివ్వదు. కొన్ని డబ్బాల్లోది నేరుగా పోయాలి. కొన్నిటిలోది శుద్ధమైన నీళ్లు కలిపి పోయాలి. ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది. మూత తీసి ఉంచి, పక్కనుంచి చూస్తూ ఇంజను నిదానంగా నడపండి. బుడగలు వచ్చి నీళ్లు దిగితే ఇంకా పోయండి. బుడగలు ఆగాక మూత బిగించండి.

కూలెంటు పచ్చగానో ఎర్రగానో షర్బత్తులా ఉంటుంది. చాలావాటిలో ఉండే గ్లైకాలు తియ్యగా ఉంటుంది. కానీ విషం. కిడ్నీలు పాడుచేస్తుంది. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో 60 మందికి పైగా పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. వాళ్లకు తాగించిన దగ్గు మందుల్లో ఈ జాతి రసాయనాలే ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాబట్టి బేసినలో పట్టిన పాత కూలెంటును వాకిట్లో వదిలెయ్యొద్దు. దూడ తాగుతుంది, కుక్క తాగుతుంది, పాకే బిడ్డ చెయ్యి ముంచుతుంది. కాలవలో, బావి దగ్గర పారబోయొద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి మెకానిక్కుకు ఇవ్వండి. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం ఎప్పుడూ పోయొద్దు. పిల్లలు తాగితే కక్కించాలని చూడొద్దు. డబ్బా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

దారిలో పైపు చిట్లితే సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టి, నీళ్లు పోసి మెల్లగా ఇల్లు చేరేవాళ్లున్నారు. అదీ ఇంజను చల్లారాకే. వేడి చూపే ముల్లు మీద కన్నేసి ఉంచాలి. ఆ కట్టుతో నున్న దాకా లోడు తోలొద్దు.

పైపు మార్చిన రాత్రి బండి కింద పాత అట్టముక్క పరచండి. పొద్దున్నే తడి లేకపోతే కాయ ఎత్తుకోవచ్చు. తడి ఉంటే ఆ పక్క క్లిప్పును అర చుట్టు బిగించి, మళ్లీ చూడండి.