కాస్ట్ చేసింది పైలిస్ట్‌నే

హనుమకొండ జిల్లా వివరాలను ఒక జావా ప్రోగ్రాంలో పెట్టాలనుకుందాం. మండలం పేరు కీ, దాని కింద ఊళ్ల లిస్ట్ ఉండే ఒక మ్యాప్ కావాలి. ‘కాజీపేట’ అని అడిగితే, 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు తెరుచుకున్న మడికొండ అందులో కనిపించాలి. జావాకు యూనికోడ్ మొదటినుంచీ తెలుసు కాబట్టి ఈ మ్యాప్‌కు ‘మండలాలు’ అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు.

1996లో జావా 1.0తో ఇదే పని చేయాలంటే హ్యాష్‌టేబుల్, వెక్టర్ దిక్కు. 1998 డిసెంబర్‌లో జాషువా బ్లాక్ రూపొందించిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్ వచ్చి లిస్ట్, సెట్, మ్యాప్‌లను ఒక పద్ధతిలో పెట్టింది. అయినా లోపల ఏది వేసినా బయటికి ‘ఆబ్జెక్ట్’గానే వచ్చేది. మ్యాప్‌లోంచి తీసినదాన్ని లిస్ట్‌గా, అందులోంచి తీసినదాన్ని మళ్లీ స్ట్రింగ్‌గా కాస్ట్ చేయాలి. ఎన్ని పొరలుంటే అన్ని కాస్ట్‌లు. ఎవరైనా ఊరి పేరుకు బదులు పిన్‌కోడ్ అంకె వేసినా కంపైలర్ కిమ్మనదు. ప్రోగ్రాం నడుస్తుండగా క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వచ్చి ఆగిపోతుంది.

దీనికి మందు అదే 1998లో తయారైంది. గిలాద్ బ్రాకా, మార్టిన్ ఒడర్‌స్కీ, డేవిడ్ స్టౌటమైర్, ఫిలిప్ వాడ్లర్ కలిసి జీజే అనే భాషను ప్రతిపాదించారు. 2004 సెప్టెంబర్ 30న విడుదలైన జావా 5లో అది జనరిక్స్‌గా చేరింది. ఇక మ్యాప్<స్ట్రింగ్, లిస్ట్<స్ట్రింగ్>> అని ముందే చెప్పేస్తే చాలు. మండలాలు.గెట్("కాజీపేట").గెట్(0) అనగానే నేరుగా స్ట్రింగ్ వస్తుంది. అంకె వేయబోతే కంపైలర్ అక్కడికక్కడే ఆపేస్తుంది.

కాస్ట్ మాత్రం పోలేదు. మనం రాయడం మానేశాం, కంపైలర్ రాస్తోంది. పాత కోడ్, కొత్త కోడ్ కలిసి నడవాలి కాబట్టి కంపైలర్ టైప్‌లను సరిచూసుకుని, ఆ తర్వాత చెరిపేస్తుంది. దీన్నే ఎరేజర్ అంటారు. నడిచే సమయంలో లిస్ట్‌కు తాను లిస్ట్‌నని తెలుసు, స్ట్రింగ్‌ల లిస్ట్‌నని తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే. బయటి సర్వర్ నుంచి వచ్చిన జేసాన్‌ను చాలామంది మ్యాప్<స్ట్రింగ్, ఆబ్జెక్ట్>గా చదువుకుంటారు. అందులోంచి తీసినదాన్ని లిస్ట్<స్ట్రింగ్>గా కాస్ట్ చేస్తే ‘అన్‌చెక్డ్’ అనే హెచ్చరిక వస్తుంది, అంతే. ఎనుమాముల మార్కెట్‌లో బస్తా మూతి విప్పకుండానే మిర్చి అని రాసుకున్నట్టు, ఆ కాస్ట్ పైలిస్ట్‌ను చూసి వదిలేస్తుంది. లోపల అంకెలున్నా గడప దాటుతుంది. ఎన్నో లైన్ల తర్వాత, ఏ తప్పూ లేని చోట, ఒక మామూలు ఫర్ లూప్‌లో ఎక్సెప్షన్ పేలుతుంది. తప్పు వెతికేవాళ్లు ఆ లూప్ చుట్టూ తిరుగుతూ ఉండిపోతారు. అందుకే ఆ హెచ్చరికను సప్రెస్‌వార్నింగ్స్ రాసి నోరు మూయించడం చాలా చెడ్డ అలవాటు.

సరైన దారి కాస్త పొడవే. లిస్ట్<?>గా తీసుకుని, ఒక్కో అంశాన్నీ ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడగాలి. 2021 మార్చిలో వచ్చిన జావా 16 నుంచి ఆ పరీక్ష, కాస్ట్, కొత్త పేరు పెట్టడం ఒకే లైన్‌లో అయిపోతాయి. అదే జావా 16లో రికార్డులూ స్థిరపడ్డాయి. పొరలు మూడు దాటితే మ్యాప్‌లో మ్యాప్ పేర్చుకుంటూ పోవడం కన్నా ‘మండలం’, ‘గ్రామం’ అని రెండు రికార్డులు రాసుకోవడమే మేలు. జేసాన్‌ను చదివే జాక్సన్ లైబ్రరీ కూడా నేరుగా వాటిలోకే నింపుతుంది. ఊరి పేరు రావాల్సిన చోట ఇంకో లిస్టో, మ్యాపో వస్తే చదివేటప్పుడే చెప్పేస్తుంది.