గోదావరి మోసుకొచ్చిన నేల

కోనసీమలో బోరు వేస్తే పైకొచ్చేది బంకమట్టి, ఇసుక, మళ్ళీ బంకమట్టి. ఎంత దింపినా రాయి తగలదు. ఇంటి పునాదికి కావలసిన నల్లరాయి బయటి నుంచి లారీల్లో రావాల్సిందే. ఆ నేల అక్కడ పుట్టింది కాదు మరి. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో కొండలుగా, బండలుగా ఉన్నదాన్ని అరగదీసి, వేల ఏళ్ళ పాటు నీళ్ళలో మోసుకొచ్చి గోదావరి అక్కడ మేట వేసింది. నది అనగానే మనం క్యూసెక్కులు, టీఎంసీలు లెక్కపెడతాం. నది మోసే మట్టిని లెక్కపెట్టేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో నది అసలు కథ ఆ మట్టిదే.

నాసిక్ జిల్లాలో త్ర్యంబకేశ్వరం పక్కన బ్రహ్మగిరి కొండ మీద, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన గోదావరి పుడుతుంది. అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా నది అటు చూడదు. పడమటి కనుమలు అటువైపు గోడలా నిలబడ్డాయి, దక్కన్ పీఠభూమి మొత్తం తూర్పుకు వాలి ఉంది. ఆ వాలు పట్టుకుని 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా దిగాల్సిన ఎత్తులో సుమారు సగం నాసిక్ చేరేలోపే, అంటే మొదటి ముప్పై కిలోమీటర్లలోనే దిగిపోతుంది. మిగతా సగం దిగడానికి పద్నాలుగు వందల కిలోమీటర్లు పడుతుంది. పైన కోత, కింద మేట ఎందుకో ఈ ఒక్క లెక్కలోనే సగం అర్థమవుతుంది.

నీరు రాయిని కోస్తుందని అంటాం గానీ, నిజానికి ఎక్కువగా కోసేది నీళ్ళలో దొర్లే రాళ్ళే. ఒకదానికొకటి కొట్టుకుని గుండ్రమవుతూ, అడుగునున్న బండను గీకుతూ పోతాయి. ఇక్కడ ఒక సూత్రం ఉంది, తెలిసిన నాటి నుంచీ నాకు దాని మీద ఆశ్చర్యం తీరలేదు. ప్రవాహ వేగం రెట్టింపైతే, అది దొర్లించగల రాయి బరువు రెండింతలో నాలుగింతలో కాదు, దాదాపు 64 రెట్లు పెరుగుతుంది. ఏడాదంతా గులకరాయిని కూడా కదపలేని ఏరు ఒక్క వరద రాత్రి బండల్ని ఈడ్చుకుపోవడం అందుకే. గోదావరి మోసే మట్టిలో దాదాపు అంతా వానాకాలపు నాలుగు నెలల్లోనే కదులుతుంది.

ఎగువన అది కోసే రాయి బసాల్టు. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా. చల్లారేటప్పుడే నిండా బీటలు వారింది. ఆ బీటల్లోకి దిగిన వాననీటిలో కాస్త బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది, అది రాతిలోని ఖనిజాలను మెల్లగా మెత్తబరుస్తుంది. వేసవిలో నోళ్ళు తెరిచి, వానకు ఉబ్బే నల్లరేగడి అలా తయారైనదే. నది మోసే సన్న మట్టిలో అదీ ఉంది.

కందకుర్తి దగ్గర మంజీర వచ్చి కలిసి, నది తెలంగాణలోకి అడుగుపెట్టాక కింది రాయి మారుతుంది. కాళేశ్వరం దగ్గర వార్ధా, వైన్‌గంగల నీళ్ళతో ప్రాణహిత చేరుతుంది. ఉపనదుల్లో అదే పెద్దది. అక్కడి నుంచి నది ఆగ్నేయానికి మళ్ళుతుంది. ఆ మళ్ళిన దారి నది తవ్వుకున్నది కాదు. భారతదేశం గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడే ఇక్కడ భూమి పైపొర సాగి, పగిలి, పొడవాటి పల్లంగా కుంగింది. అప్పటి నదులు ఆ పల్లాన్ని ఇసుకతో, బురదతో, కూలిన అడవులతో నింపాయి. సింగరేణి బొగ్గు ఆ అడవులదే. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ రాక్షసబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో చూడొచ్చు. కోట్ల ఏళ్ళ కిందటి నదులు పరిచిన ఇసుకరాతిని ఈనాటి నది మళ్ళీ కోసి సముద్రానికి తీసుకెళ్తోంది. ఒక ఇసుక రేణువు ఎన్ని నదుల్లో ప్రయాణించిందో!

ఇంద్రావతి, శబరి కూడా కలిశాక ఎదురుగా తూర్పు కనుమలు. కొండల వరసను చుట్టి పోకుండా నది వాటిని చీల్చుకుని పోవడం పాపికొండల్లో చూస్తాం. ఇంత గట్టి రాతిని నీరెలా చీల్చింది? కొండలు ఒక్కరోజున లేచి అడ్డం నిలబడలేదు. నేల ఏడాదికి వెంట్రుకవాసి లేస్తే, నది కూడా దాదాపు అంతే కోసుకుంటూ తన మట్టాన్ని నిలుపుకుంటుంది. పక్కన కొండలు పెరుగుతాయి, నది ఉన్నచోటే ఉంటుంది. ఆ ఇరుకులో దూరేటప్పుడు వెడల్పు తగ్గిన నీరు వేగం పెంచుకుంటుంది, లోతు తవ్వుకుంటుంది. పైకి నిండుకుండలా కనిపించే ఆ నీటి కింద సుడులు అందుకే అంత ప్రమాదకరం.

కొండలు దాటగానే నదికి నడుం విప్పుకునే చోటు దొరుకుతుంది. రాజమహేంద్రవరం దగ్గర కిలోమీటర్ల వెడల్పు. సముద్రమట్టానికి ఎత్తు మాత్రం దాదాపు 15 మీటర్లే. వాలు లేక వేగం పడిపోతుంది, మోయలేని బరువును నది దించుకుంటుంది. ముందు గులక, తర్వాత ముతక ఇసుక, ఆ తర్వాత సన్న ఇసుక. నది నడుమ ఒక ఇసుక మేట పడి, దాని మీద రెల్లు మొలిస్తే చాలు. వచ్చే ఏటి వరదలో ఆ రెల్లు దుబ్బుల మధ్య నీరు మందగించి ఒండ్రు నిలుస్తుంది. కొన్నేళ్ళకు అదే లంక అవుతుంది, అరటి, కూరగాయలు పండుతాయి. లంకల్ని పెంచేదీ కోసేదీ ఒకే నది. వంపు తిరిగేచోట వడి నీరు బయటి ఒడ్డును కొడుతుంది. అడుగున ప్రవాహం లోపలి ఒడ్డుకు మళ్ళి అక్కడ ఇసుక పోస్తుంది. కళ్ళముందే కొబ్బరిచెట్లు ఏట్లోకి ఒరిగిపోతుంటే, అవతలి ఒడ్డున కొత్త తిప్ప లేస్తుంటుంది. పొలం పోయిన రైతుకు ఈ సూత్రం ఓదార్పు కాదని నాకు తెలుసు.

ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల చివర సముద్ర మొగల దగ్గర ఓ రసాయన చర్య జరుగుతుంది. బంకమట్టి రేణువులన్నిటికీ రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి మంచినీటిలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. ఉప్పునీరు తగలగానే అందులోని అయాన్లు ఆ ఆవేశాన్ని తగ్గిస్తాయి. రేణువులు అతుక్కుని ముద్దలై అడుక్కి దిగుతాయి. కోరింగ మడ అడవుల వేళ్ళు పట్టుకున్నది ఆ బురదనే. ఇసుకను మాత్రం అలలు అందుకుంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో దాన్ని ఉత్తరంగా నెట్టి, గత రెండు శతాబ్దాల్లో కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక తిప్పను కట్టాయి.

సుమారు 6 వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం నిలకడకు వచ్చినప్పటి నుంచి డెల్టా పదుల కిలోమీటర్లు ముందుకు సాగింది. పాత తీరాలు ఇప్పటికీ ఇసుక దిబ్బల వరసలుగా లోపలి ఊళ్ళలో ఉన్నాయి. మెరక మీద ఇల్లు, తోట, పల్లంలో వరి. ఊరి అమరిక వెనక ఉన్నది ఒకనాటి సముద్రపు ఒడ్డు.

ఆ సాగడం ఇప్పుడు ఆగింది, చాలాచోట్ల వెనక్కి నడుస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టిన ప్రకారం గోదావరి 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది ఆనకట్టల వెనక ఉంది. 112 టీఎంసీల నిల్వతో కట్టిన శ్రీరాంసాగర్‌లో ఇప్పుడు పట్టేది 80 టీఎంసీలకు కాస్త పైన. తగ్గిన 30 టీఎంసీల చోటంతా మట్టే. ఘనపు మీటర్లలో చెప్పాలంటే 80 కోట్లకు పైగా. ఐదు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన గోదావరి డెల్టా అంతటా దాన్ని పరిస్తే ఆరంగుళాల మందం వస్తుంది. డెల్టా నేల తన బరువుకు తానే అణిగిపోతూ ఉంటుంది, ఏటా పడే ఒండ్రే ఆ లోటు తీర్చేది. పైగా 19వ శతాబ్దం నుంచి కట్టుకుంటూ వచ్చిన ఏటిగట్లు వరద నుంచి ఊళ్ళను కాపాడుతూనే, ఆ ఒండ్రు పొలాల మీద పరుచుకోకుండా కూడా ఆపాయి. గట్లు తీసేయమని ఎవరూ అనలేరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరిన నీటిని చూసినవాళ్ళు అసలే అనరు.

జలాశయాల విషయంలో కొంత వెసులుబాటు ఉంది. చైనాలో పసుపు నది మీది సాన్‌మెన్షియా ఆనకట్ట పూడికతో నిండిపోతుంటే, 1970ల నుంచి అక్కడ పద్ధతి మార్చారు. వరద రోజుల బురద నీటిని వదిలేసి, తేట నీటిని నిల్వ చేస్తున్నారు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజులు, పులసలు ఎదురెక్కే రోజులు కూడా అలాంటివే. పెద్ద వరదలో ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేస్తారు, మట్టి ఆగకుండా వెళ్ళిపోతుంది. ఎగువ జలాశయాల్లో గేట్లు ఎప్పుడు ఎత్తాలన్నది ఇప్పటికీ నీటి లెక్క ఒక్కదాన్ని బట్టే నిర్ణయమవుతోంది. ఆ పట్టికలో మట్టికి కూడా ఒక వరస ఉండాలి.