రక్తములోని ధూళి

కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన జాము గడచునప్పటికి ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కి, సలుపుట మీరెఱిగినదే. ఎఱుపు, వాపు, వేడి, నొప్పి యను ఈ నాలుగు లక్షణములను రోమను గ్రంథకర్తయగు సెల్సస్ క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే చెప్పియుండెను. మన వైద్యులు దీనిని శోథ యందురు. శోథ మనకు శత్రువు కాదు. రక్తములోని తెల్లకణములు మొదలగు కావలివారు గాయమునొద్దకు చేరి చేయు పోరాటమే అది. అయితే ముల్లు పాదమున గ్రుచ్చుకొనగా, ఆ వార్త ఎక్కడనో తిరుగుచున్న కావలివారికి ఎట్లు చేరును?

గాయపడిన కణములు కొన్ని రసములను స్రవించుననియు, అవియే పిలుపు నందించుననియు చాలకాలముగ తెలిసినదే. నేడు నేను చెప్పదలచిన త్రోవ వేఱొకటి. కణము తన పైపొరనుండి గాని, లోపలి సంచులనుండి గాని, బుడగవంటి చిన్న తునకను వెలికి విడుచును. ఆంగ్లమున దీనిని ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్ అందురు. నేను కణపుటిక యందును. పుటమనగా ఆకు మడచిన దొప్ప. పుటిక యనగా చిన్న బుట్ట. ఈ పేరు బరువుగ నున్నదన్నచో పొట్లమనుడు, నాకు అభ్యంతరము లేదు. వీనిలో ఎక్సోసోములను చిన్నరకము సుమారు వంద నానోమీటర్ల వెడల్పుండును. అట్టివి పదివేలు వరుసగ పేర్చిన గాని ఒక మిల్లీమీటరు కాదు. చుట్టును పలుచని క్రొవ్వుపొర. లోపల మాంసకృత్తులు, ఆర్.ఎన్.ఏ. అను ఆజ్ఞాపత్రముల తునకలు. పొరపై పుట్టిన కణపు గుర్తులు.

ఈ పొట్లములకు గౌరవము ఆలస్యముగ కలిగినది. 1946లో అమెరికాలో చార్గాఫ్, వెస్ట్ అనువారు, ఫలకికలను తొలగించిన రక్తరసమును మిక్కిలి వేగముగ త్రిప్పి, అడుగున దిగిన మడ్డికి రక్తమును గడ్డకట్టించు శక్తి కలదని కనుగొనిరి. ఫలకిక లనగా గాయము తగిలినపుడు రక్తపు కారుడును ఆపు చిన్న రేకులు. 1967లో పీటర్ వుల్ఫ్ వానినుండి రాలు నలుసులకు ‘ఫలకికల ధూళి’ యని పేరిడెను. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ గొఱ్ఱె రక్తమునను, అమెరికాలో ఫిలిప్ స్టాల్ ఎలుక రక్తమునను, ఎదుగుచున్న ఎఱ్ఱకణములు తమకిక అక్కఱలేని మాంసకృత్తులను పొట్లములు కట్టి పాఱవేయుట చూచిరి. ఇల్లూడ్చి చెత్తను వీధిలో పోసినట్లే యని పెక్కురు తలచిరి.

1996లో ఆ తలంపు మాఱినది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరమున గ్రాసా రపోసో, ఆమె తోడివారును, బి-కణములు విడుచు పొట్లములపై శత్రుజీవుల మాంసకృత్తుల తునకలు ప్రదర్శింపబడి యుండుననియు, వానిని చూచి టి-కణములు మేల్కొనుననియు నిరూపించిరి. చెత్త యనుకొన్నది జాబయ్యెను! 2007లో స్వీడన్ పరిశోధకులు మఱియు వింతయైన సంగతి చూపిరి: ఎలుకకణముల పొట్లములను మనుష్యకణముల కందింపగా, మనుష్యకణములలో ఎలుక మాంసకృత్తులు తయారైనవి.

ఇక మన వయసువారికి దగ్గఱి విషయము, కీళ్లు. 2010లో బొయిలార్డ్ మొదలగువారు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను కీళ్లవాతముగల రోగుల కీళ్లనీటిలో ఫలకికల పొట్లములు విస్తారముగ నుండుట కనుగొనిరి. ఏండ్లు మీఱి కీలు అఱుగుటచే వచ్చు నొప్పిలో అవి కనబడలేదు. ఆ పొట్లములు కీలు లోపొర కణములను రెచ్చగొట్టి, శోథను పెంచు రసములను విడిపించును. గాయమును మాన్పవలసిన ధూళియే, గాయము లేనిచోట నిప్పు రాజవేయుచున్నదన్నమాట.

పొట్లములన్నియు నిప్పు రాజవేయునవి కావు. కొన్ని శమింపజేయును, అదియును ఎల్లప్పుడు మేలు కాదు. మెలనోమా యను చర్మపు కాన్సరు, టి-కణములను జోకొట్టు గుర్తును పొట్లములపై నుంచి రక్తములోనికి పంపుచున్నదని 2018లో వెల్లడియైనది.

శమింపజేయు పొట్లములను మందుగ వాడవచ్చునని జంతువులపై పరిశోధనలు జరుగుచున్నవి. ఇంతలోనే కొందఱు ఎక్సోసోము సూదిమందులని అమ్మకమునకు దిగిరి. ఎకరము అమ్మియైనను మోకాలికి వేయించుకొందునా యని నన్నడిగినవారు కలరు. నేను వైద్యుడను కాను, తెలిసినంత చెప్పితిని. 2019 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ, నెబ్రాస్కా రాష్ట్రమున అట్టి మందులు పుచ్చుకొనినవారికి తీవ్రమైన హాని కలిగెనని ప్రకటించి, తాము అనుమతించిన ఎక్సోసోము మందు ఒక్కటియు లేదని హెచ్చరించెను. అమ్మువానిని మొదట అడుగవలసినది, ఈ పొట్లమును కట్టిన కణమేది యని. అది తెలియనిచో నిప్పో నీరో తెలియదు. సీసాలో నున్నది పొట్లమే యని తేల్చుటయు సులభము కాదు. రక్తములో క్రొవ్వును మోయు నలుసులును ఇంచుమించు అంతే పరిమాణమున నుండి, ఎంత వడియగట్టినను వెంటవచ్చును. అందుచేతనే పరిశోధకులు 2014లోను, మరల 2018లోను, 2023లోను, ఏయే పరీక్షలు జరిపిన పిమ్మట దీనిని కణపుటిక యనవచ్చునో తమలో తాము నియమములు వ్రాసికొనిరి.