క్రోన్స్ వ్యాధి: పథ్యాపథ్య వివేచన

1. ఉపోద్ఘాతం:
‘పథ్యం’ అనే మాటకు ‘మార్గం నుండి తొలగనిది’ అని వ్యుత్పత్త్యర్థం. వాడుకలో అది నిషేధాల పట్టికగా, ‘నోరు కట్టుకోవడం’గా స్థిరపడింది. క్రోన్స్ వ్యాధి విషయంలో ఈ అర్థసంకోచం రోగికి హాని కలిగిస్తుంది. ఈ వ్యాధిలో తినదగినవి, మానదగినవి దశను బట్టి మారుతాయని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వ్యాధి స్వరూపం:
న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యశాలకు చెందిన బర్రిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్‌లు 1932లో ఈ వ్యాధిని ప్రత్యేకంగా వర్ణించారు. నోటి నుండి మలద్వారం వరకు జీర్ణమార్గంలో ఎక్కడైనా రాగల దీర్ఘకాలిక శోథ ఇది. చిన్నప్రేగు చివరి భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. విటమిన్ బి12ను శరీరం గ్రహించేది అక్కడే. కనుక తిన్నది ఒంటబట్టకపోవడం ఇందులో ప్రధాన సమస్య.

3. దశానుగుణమైన ఆహారం:
వ్యాధి ఉద్ధృతంగా ఉన్నప్పుడు పీచు తక్కువగా ఉన్న ఆహారాన్ని కొద్దికొద్దిగా, పలుమార్లు తీసుకోవడం మేలు. మెత్తగా ఉడికిన అన్నం, పలుచని పెసరకట్టు, చెక్కు, గింజలు తీసి ఉడికించిన సొరకాయ, అరటిపండు, కోడిగుడ్డు, చేప సాధారణంగా సరిపడతాయి. వేపుళ్లు, కారం హెచ్చైన పచ్చళ్లు బాధను పెంచవచ్చు. అయితే కారం వల్లనే ఈ వ్యాధి వస్తుందనడానికి ఆధారం లేదు.

ప్రేగు ఇరుకైనవారికి మునగకాడ, మొక్కజొన్న, పచ్చికొబ్బరి, వేరుశనగ, పండ్ల తొక్కలు అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇరుకు లేనివారు వ్యాధి శాంతించాక కూరగాయలను, ఆకుకూరలను, పండ్లను ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకోవాలి. పాలు పడనివారిలో కొందరికి పెరుగు పడుతుంది. పాలు సరిపడేవారు వాటిని మానవలసిన పనిలేదు.

4. అతినిషేధం:
నొప్పికి భయపడి పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూరలు వరుసగా మానివేసి చారన్నంతోనే కాలం గడిపితే మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం లోపిస్తాయి. పిల్లల్లో ఎదుగుదల కుంటుపడుతుంది. పిల్లలకు వైద్య పర్యవేక్షణలో 6 నుండి 8 వారాలపాటు సంపూర్ణ పోషక ద్రవాహారం మాత్రమే ఇచ్చే చికిత్స ఒకటి ఉంది. అక్కడ పోషణే ఔషధమవుతున్నది. రోగిని పస్తు పెట్టే పథ్యానికి ఇది పూర్తిగా విరుద్ధం.

5. ముగింపు:
పథ్యాపథ్యాలు మాత్ర, కాలం, దేశం, దేహస్థితి మొదలైనవాటిని బట్టి మారుతాయని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. క్రోన్స్ వ్యాధిగ్రస్తుల ఆహార నిర్ణయానికీ ఈ దృష్టి వర్తిస్తుంది. ఏది పడింది, ఏది పడలేదు అన్నది రోగి రాసి ఉంచుకొని, మందులు మానకుండా, వైద్యుని, ఆహారనిపుణుని సలహాతో ఆహారాన్ని సవరించుకోవాలి. మానినవాటిలో తిరిగి తినదగినవేవో ఎప్పటికప్పుడు పరిశీలించుకోవడం పథ్యంలో భాగమే.