కుర్చీ సరే... మైకు ఎవరిది?

పిల్లలు సెల్లు పట్టుకుని ఆటలో మునిగిపోయారంటే మన నోట వచ్చే మొదటి మాట "పాడైపోతున్నారు" అనే. చదువు, కళ్లు, నిద్ర... ఆ భయాలు ఉత్తవేం కావు. కానీ ఆ ఆటలో వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో చెవి పెట్టి విన్న తల్లులు ఎంతమంది? నేను కొన్నాళ్లుగా వింటున్నాను. మన ఆడపిల్లలకు బయట అంత తేలిగ్గా దొరకని చదువొకటి అందులో ఉంది.

మా అమ్మాయి కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. సెలవు రోజుల్లో బీజీఎంఐ ఆడుతుంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీని మన దేశంలో నిషేధించాక, 2021లో వచ్చిన ఆట ఇది. వంద మంది ఒక దీవిలో దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. క్షేమంగా ఉండే వలయం అంతకంతకూ చిన్నదవుతుంటుంది. చివరిదాకా మిగిలిన జట్టుదే గెలుపు. మా అమ్మాయి జట్టులో ఒకమ్మాయిది జగిత్యాల. మిగతా ఇద్దరిదీ ఆదిలాబాద్... మా అక్క కూతురు, దాని స్నేహితురాలు. ఆడేటప్పుడు ఒకరి మొహం ఒకరికి కనిపించదు. ఉన్నదల్లా గొంతే.

"అక్కా, నువ్వు ముందుకు పోకు, ఆగు."

"బండి నేను తెస్త, మీరు ఆ ఇంట్లనే ఉండున్రి."

"ఎవరి దగ్గర ఏమున్నది? జెప్పన చెప్పున్రి!"

ఉన్నదేమిటో లెక్క చూసుకోవడం, ఎటు వెళ్లాలో అరనిమిషంలో తేల్చడం, దెబ్బతిన్న తోటిదాన్ని లేపడానికి వెళ్లాలా వద్దా అని నిర్ణయించడం... ఇదంతా ఒకరు చెయ్యాలి. దారి చూపే ఆ మనిషిని వీళ్లు 'ఐజీఎల్' అంటారు. మా వాళ్లలో ఆ పని ఒక్కరిదే కాదు. ఒకరోజు దారి చెప్పిన పిల్ల, మర్నాడు ఇంకొకరు చెప్పినట్టు వింటుంది.

పెద్ద పెద్ద ఆచార్యులూ ఈ సంగతి పట్టించుకున్నారు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అని 2004లో వచ్చిన ఆటలో నలభై మంది దాకా కలిసి ఒక యుద్ధానికి వెళ్లేవారు. ఇలాంటి ఆటలను పరిశీలించి బైరన్ రీవ్స్, థామస్ మలోన్, టోనీ ఓడ్రిస్కల్ 2008 మేలో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో ఒక వ్యాసం రాశారు. నాయకత్వం అక్కడ శాశ్వత పదవి కాదు, పనిని బట్టి చేతులు మారుతుంది అన్నారు. సరైన మనిషిని ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, సరైన వాతావరణం కల్పించడమూ అంతే ముఖ్యమన్నారు.

వాళ్లకు కొత్త గానీ మనకు కాదు. మన పొదుపు సంఘాల్లోనూ నాయకురాళ్లు మారుతుండాలనేదే నియమం. ఏ సంఘమైనా చీలేది పంపకం దగ్గరే కదా! వార్‌క్రాఫ్ట్ జట్లు దానికీ మార్గం వెతుక్కున్నాయి. వచ్చి కష్టపడ్డవారికి పాయింట్లు వేసి, దొరికిన సొత్తు ఆ పాయింట్ల లెక్కన పంచుకునేవి. లెక్క అందరికీ కనిపిస్తే తగవు ఎందుకొస్తుంది?

ఆడినంత మాత్రాన అందరూ నాయకురాళ్లయిపోరు. అసలు చిక్కు ఇంకొకటుంది. జట్టులో ఆడపిల్ల గొంతు వినపడగానే వెకిలి మాటలు మొదలుపెట్టేవాళ్లుంటారు. అందుకే కొందరమ్మాయిలు మగపేరు పెట్టుకుని, మైకు ఆపేసి ఆడతారు. మా అక్క కూతురూ మొదట్లో అంతే. తెలిసిన నలుగురూ జట్టు కట్టాకే నోరు విప్పింది. మైకు మూసుకుంటే గురి కుదురుతుందేమో గానీ, నాయకత్వం అలవడదు.

ఇది ఆట వరకే ఉన్న సమస్యా? తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం మహిళలకు సగం స్థానాలు కేటాయించింది. అయినా కొన్ని ఊళ్లలో కుర్చీ ఆమెది, మైకు ఆయనది!

పోయిన వానాకాలం మా అమ్మకు ఆపరేషన్ అయింది. పెద్దవాళ్లమంతా కంగారులో ఉంటే, ఆదిలాబాద్ నుంచి ఆ పిల్లే ఫోన్లో అందరినీ కలిపింది. "చిన్నమ్మా, ఎవరి దగ్గర ఏమున్నది చెప్పున్రి" అంది. రిపోర్టులు ఎవరి దగ్గర, డబ్బు ఎవరి దగ్గర, రాత్రి ఎవరుంటారు... పది నిమిషాల్లో తేల్చేసింది. ఆ ప్రశ్న ఎక్కడ నేర్చిందో నాకు తెలుసు.

జాగ్రత్తలు తప్పవు. ఆట వేళ ముందే అనుకోవాలి. తెలిసినవాళ్లతోనే జట్టు కట్టమనాలి. వెకిలిగా మాట్లాడేవాడి గొంతు ఆపేసే వీలు, వాడిమీద ఫిర్యాదు చేసే వీలు ఆటలోనే ఉన్నాయి, అవి నేర్పాలి. డబ్బు పందెం ఆటల జోలికి పోనివ్వకూడదు. వాటిని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది.

ఇకమీదట "ఎంతసేపే ఆ ఆట?" అనడంతో పాటు "ఇయ్యాల దారి ఎవరు చెప్పిన్రు?" అని కూడా అడిగి చూడండి. "నేనే" అంటే, ఇంట్లోనూ ఒక పని పూర్తిగా ఆమెకు అప్పగించండి. మధ్యలో మాత్రం మైకు లాక్కోకండి!